క్యూ, జెడ్ రెండూ ఉన్న పొడుగాటి ఇంగ్లీషు మాట కావాలంటే దేన్ని నమ్మాలి?

మా పర్లాకిమిడిలో సాయంత్రం పూట నా దగ్గర చదువుకోవడానికి వచ్చే పిల్లలకు నెలకొకసారి ఇంగ్లీషు మాటల పోటీ పెడుతూ ఉంటాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు నడిచే పిల్లలు కనుక మాటల మీద వాళ్లకు సహజంగానే మక్కువ ఎక్కువ. రెండేళ్ల కిందట ఒక పోటీలో క్యూ, జెడ్ రెండూ ఉండి పది అక్షరాలకు తగ్గని మాట ఒకటి రాయమని అడిగాను. ఒక కుర్రవాడు ‘ఈక్వలైజేషన్’ అని రాశాడు. నా ఫోనులోని యాప్ ముందుగా చూపించిన జవాబు కూడా అదే కావడం వల్ల వెంటనే మార్కు వేసేశాను. వెనక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మా పుస్తకంలో ఆ మాటకు జెడ్ లేదండీ, ఎస్ ఉందండీ" అని పేజీ తెరిచి చూపించింది. నేను ఫోను చూపించి ఆ పిల్లను కూర్చోబెట్టాను. రాత్రి ఇంటికి వెళ్లి నిఘంటువు తీస్తే రెండు రూపాలూ పక్కపక్కనే అచ్చయి ఉన్నాయి. ఆ అమ్మాయి చెప్పినదీ సరైనదే, కుర్రవాడు రాసినదీ సరైనదే. ఏ జాబితాలో వెతుకుతున్నానో తెలుసుకోకుండా తీర్పు చెప్పినది నేను.

అప్పటి నుంచి ఇలాంటి మాటలు వెతకడానికి ఉన్న మార్గాలన్నిటినీ ఒక్కొక్కటిగా వాడి చూస్తున్నాను. పిల్లలకు పోటీలు పెట్టే ఉపాధ్యాయులు, ఇంగ్లీషు గళ్ళ నుడికట్టు పూరించేవారు, అక్షరాల బిళ్ళలతో మాటలు కట్టే స్క్రాబుల్ ఆట ఆడేవారు, ఊరికే మాటల సరదా ఉన్నవారు ఏది ఎంచుకుంటే మేలో నాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతాను. సాధనాల కంటే ముందు ప్రశ్న సంగతి చూడవలసి ఉంది, ఎందుకంటే నేను చూసినంతవరకు వెతుకులాట పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

"ఫలానా అక్షరాలున్న మాట" అని మనం ఒకే తీరుగా అంటాము కాని, అందులో వేరువేరు ప్రశ్నలు దాగి ఉంటాయి. ఆ అక్షరాలు మాటలో ఎక్కడ ఉన్నా చాలు, మిగిలినవి ఏవైనా కావచ్చు అన్నది ఒక ప్రశ్న. చేతిలో ఉన్న ఏడు బిళ్ళలతోనే మాట కట్టాలి, బయటి అక్షరం ఒక్కటి కూడా చేరకూడదు అన్నది స్క్రాబుల్ ప్రశ్న; చూడడానికి మొదటిదానిలాగే ఉన్నా ఇది దానికి పూర్తిగా తలకిందులు. మూడో అక్షరం క్యూ, ఎనిమిదోది జెడ్, మొత్తం పన్నెండు గళ్ళు అన్నది నుడికట్టు ప్రశ్న. అక్షరాలు ఇచ్చిన వరుసలోనే రావాలా, ముందువెనకలైనా ఫరవాలేదా అన్నది వీటన్నిటి మీదా వచ్చి కూర్చునే మరో చిక్కు. ఉచితంగా దొరికే యాప్‌లలో చాలావరకు రెండో ప్రశ్నకే జవాబు చెబుతాయి. మొదటి ప్రశ్న మనసులో పెట్టుకొని వాటిలో క్యూ, జెడ్, ఎక్స్ అని కొడితే ఒక్క మాటా దొరకదు. అలాంటి మాట ఇంగ్లీషులో లేదేమో అనుకొని పిల్లలు ఫోను పక్కన పెట్టేస్తారు. ఏ సాధనమైనా పట్టుకున్న వెంటనే, అది ‘ఈ అక్షరాలు ఉన్న’ మాటలు ఇస్తుందా, ‘ఈ అక్షరాలతోనే అయిన’ మాటలు ఇస్తుందా అని తెలిసిన మాట ఒకదానితో పరీక్షించి చూసుకోవాలి.

మన పిల్లలకు ఇంకొక ఇబ్బంది ఉంది, అది చెవి వల్ల వచ్చేది. తెలుగులోను ఒడియాలోను అక్షరమంటే పలికే ముక్క; అచ్చు, హల్లు, ఒత్తు కలిసి ఒకటిగా లెక్కకు వస్తాయి. ‘స్ట్రెంగ్త్స్’ అనే మాటను తెలుగులో రాస్తే రెండు అక్షరాల్లో ఇమిడిపోతుంది, ఇంగ్లీషులో దానికి తొమ్మిది అక్షరాలు. అందుకే "పది అక్షరాల మాట చెప్పండి" అంటే కొత్తగా వచ్చిన పిల్లలు వేళ్ల మీద పలుకులు లెక్కపెట్టి, పదమూడు అక్షరాల మాటను ఐదు అక్షరాలదని వదిలేస్తారు. అక్షరం ఉనికి కూడా చెవికి తెలియదు. ‘టెక్నిక్’ అన్న మాటలో మనకు వినిపించే రెండు ‘క’లలో మొదటిది సీ, హెచ్ కలిసినది, రెండోది క్యూ. ‘మస్కిటో’లో క్యూ ఉందని స్పెల్లింగు కళ్లతో చూసినవారికే తెలుస్తుంది. జెడ్ శబ్దానికి మన రెండు భాషల్లోనూ వాడుకలో విడి అక్షరం లేదు కనుక అది జే కిందకో జీ కిందకో జారిపోతుంది. ఆనాటికి లిపి లేని సవర భాషను గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూ చెవితో విని నేర్చుకొని నిఘంటువు కూర్చారు. అక్కడ చెవే ప్రమాణం. ఇంగ్లీషులో రాత ఒక దారి, పలుకు ఒక దారి కాబట్టి, ఈ పనిలో చెవిని పక్కన పెట్టి కంటిని నమ్ముకోవాలి.

ఇక మార్గాల్లోకి వస్తే, అన్నిటికంటే చౌకైనది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మాటను ముక్కలుగా విడదీసి ఆలోచించడం. ఇంగ్లీషులో పొడుగాటి మాటలు చాలావరకు ముందు ఒకటి, వెనక ఒకటి తగిలించి అతికినవే. క్యూ కావాలంటే ‘ఈక్వి’, ‘సీక్వెంట్’, ‘లోక్వి’, ‘క్వాడ్రి’, ‘ఎస్క్’ లాంటి ముక్కలు పదో పదిహేనో గుర్తుంటే చాలు. వాటి మీద కట్టుకుంటూ పోతే ‘డిస్‌ఈక్విలిబ్రియమ్’ పద్నాలుగు అక్షరాలతో, ‘ఇన్‌కాన్సిక్వెన్షియల్’ పదిహేను అక్షరాలతో, ‘వెంట్రిలోక్విజమ్’, ‘క్వాడ్రిలేటరల్’, ‘గ్రాండిలోక్వెంట్’ పదమూడేసి అక్షరాలతో వరుసగా వచ్చి నిలబడతాయి. చతుర్భుజానికి ఇంగ్లీషు మాట అయిన క్వాడ్రిలేటరల్ ప్రతి పిల్లకూ లెక్కల పుస్తకంలో ఉన్నదే, అయినా క్యూ ఉన్న పొడుగు మాట అడిగితే గుర్తుకు రాదు. ఎక్స్, జే రెండూ కావాలంటే ‘జక్స్టపొజిషన్’, ‘ఎక్స్‌ట్రాజుడిషియల్’ రెండూ పదమూడు అక్షరాల మాటలే. జే, క్యూ జంట మాత్రం చాలా అరుదు. మగ్గం మీద నేతకారులు జాకార్డు అనే సామానుకు ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ రెండూ ఉన్నాయి, అది ఎనిమిది అక్షరాలు. అంతకంటే ఒక అక్షరం పొడుగైనది మన గురివింద గింజ: దాని ఇంగ్లీషు పేరు ‘జెక్విరిటీ’. ఆ పేరు తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

ముక్కల పద్ధతికి మందుల దుకాణం మంచి బడి అని చెబితే నవ్వకండి. మా కొండ ప్రాంతంలో మలేరియా జ్వరం ఎరగని ఇల్లు అరుదు కనుక క్లోరోక్విన్ అన్న పేరు మా పెద్దవాళ్ల నోట కూడా ఆడుతూ ఉండేది. అందులో క్యూ ఉంది, మొత్తం పదకొండు అక్షరాలు. కరోనా వచ్చిన 2020లో దేశమంతా వల్లించిన ‘హైడ్రాక్సీక్లోరోక్విన్’ దానికి అన్న. పద్దెనిమిది అక్షరాలు, లోపల ఎక్స్, క్యూ, రెండు వైలు. దురదకు ఇచ్చే ‘హైడ్రాక్సిజిన్’ మాత్ర పట్టీని వెనక్కి తిప్పి చూస్తే, పదకొండు అక్షరాల మాట నడుమ ఎక్స్, వై, జెడ్ మూడూ ఒకదాని పక్కన ఒకటి వర్ణమాలలో ఉన్నట్టే నిలబడి ఉంటాయి. ఒక పిల్లవాడు వాళ్ల నాయనమ్మ మందుల డబ్బాలోని ఖాళీ పట్టీ తెచ్చి, ఆ వెండి రేకు మీది సన్నని అక్షరాలను గోటితో ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ చూపించాడు. ఈ పద్ధతి లోటు ఏమిటంటే, ఉన్నవాటిలో ఇదే అన్నిటికంటే పొడుగైనది అని ఎప్పటికీ తేల్చి చెప్పలేము. మనకు గుర్తొచ్చిన వాటిలో పొడుగైనది అని మాత్రమే అనగలం.

అచ్చు నిఘంటువు మొదటి అక్షరం తెలిసినప్పుడే పనికి వస్తుంది. నడుమ జెడ్ ఉన్న మాట కోసం దాన్ని మొదటి పేజీ నుంచి తిరగవేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. చివరి అక్షరాల వరుసలో మాటలు పేర్చిన తలకిందుల నిఘంటువులు కూడా ఇంగ్లీషులో ఉన్నాయి కాని మా ప్రాంతంలోని దుకాణాల్లో అవి కనిపించవు. అంతమాత్రాన అచ్చు నిఘంటువును అటక ఎక్కించమని నేను అనను. వెతకడానికి పనికిరాని ఆ పుస్తకమే, వెతికి తెచ్చిన మాట అసలు మాటేనా, దానికి అర్థం ఏమిటి, రెండు స్పెల్లింగులు ఉన్నాయా అని తేల్చడానికి అన్నిటికంటే నమ్మకమైనది. పోటీలో తగవు వచ్చినప్పుడు ఫోను తెర కంటే పుస్తకం పేజీని పిల్లలు త్వరగా ఒప్పుకుంటారు.

నెట్టు నిలకడగా ఉన్నవారికి వెబ్‌సైట్లలో నేను ముందుగా చెప్పేది వన్‌లుక్. దానిలో గుర్తులతో వెతకవచ్చు. స్టార్ గుర్తు ఎన్ని అక్షరాలకైనా బదులు నిలుస్తుంది, ప్రశ్నార్థకం సరిగ్గా ఒక్క అక్షరానికే నిలుస్తుంది, హాష్ గుర్తు ఏదైనా ఒక హల్లుకు, ఈమెయిలు చిరునామాల్లో వాడే యాట్ గుర్తు ఏదైనా ఒక అచ్చుకు నిలుస్తాయి. కామా పెట్టి రెండు మూడు షరతులు ఒకేసారి ఇవ్వవచ్చు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. స్టార్, క్యూ, స్టార్, జెడ్, స్టార్ అని వరుసగా కొడితే క్యూ ముందు, జెడ్ తరువాత వచ్చే మాటలే వస్తాయి. జెడ్ ముందున్న ‘బెజీక్’ అనే పేకాట పేరు లాంటివి వలలో పడవు. దానికి బదులు పది ప్రశ్నార్థకాలు, ఒక స్టార్ కొట్టి, కామా పెట్టి, స్టార్ క్యూ స్టార్ అని, మళ్లీ కామా పెట్టి, స్టార్ జెడ్ స్టార్ అని ఇస్తే, పది అక్షరాలకు తగ్గకుండా ఆ రెండూ ఏ వరుసలో ఉన్నా అన్నీ వస్తాయి. నుడికట్టు పూరించేవారికి ఇంతకంటే హాయి అయినది నాకు కనబడలేదు, ఎందుకంటే తెలిసిన అక్షరాలను వాటి గళ్ళలో ఉంచి, తెలియని గడికల్లా ఒక ప్రశ్నార్థకం పెడితే సరిపోతుంది. కాకపోతే ఇలాంటి సైట్లు అనేక నిఘంటువులను కలిపి వెతుకుతాయి కనుక ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, రెండు మూడు మాటల పదబంధాలు కూడా ఫలితాల్లోకి వచ్చి కూర్చుంటాయి. వాటిని ఏరి పారవేసే ఓపిక మనకు ఉండాలి.

స్క్రాబుల్ ఆటగాళ్ల కోసం చేసిన యాప్‌ల సంగతి కొంచెం వేరు. ఆ ఆట పలక పదిహేను గళ్ళకు పదిహేను గళ్ళు. అందువల్ల పోటీల్లో వాడే కాలిన్స్ జాబితాలో రెండు నుంచి పదిహేను అక్షరాల మాటలే ఉంటాయి. ఆ జాబితా 2019 కూర్పులో 2,79,496 మాటలు ఉన్నాయి, అంటే సంఖ్య తక్కువేమీ కాదు, అయినా పదహారో అక్షరం దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. మన హైడ్రాక్సీక్లోరోక్విన్ అందులోకి ఎప్పటికీ రాదు. ఇరవై తొమ్మిది అక్షరాల ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ కూడా రాదు. అందులో ఐ అక్షరం తొమ్మిది సార్లు వస్తుంది, ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ‘ఈ’ అనే అక్షరం మాత్రం ఒక్కసారీ రాదు. బిళ్ళల ఆటకు ఈ యాప్‌లను మించినవి లేవు, క్యూకు, జెడ్‌కు పదేసి పాయింట్లు, జేకు, ఎక్స్‌కు ఎనిమిదేసి పాయింట్లు ఎలా రాబట్టాలో అవి చక్కగా నేర్పుతాయి. పొడుగు మాటల వెతుకులాటకు వాటిని నమ్ముకోకూడదు.

నా ఓటు మాత్రం, మాటల జాబితా ఫైలు ఒకటి సొంతంగా దగ్గర పెట్టుకోవడానికే. గుమ్మ, మోహన వైపు కొండల్లోని ఊళ్లలో సిగ్నల్ ఒక గంట ఉంటే ఒక గంట ఉండదు. అక్కడి పిల్లలకు, ఉపాధ్యాయులకు వెబ్‌సైటు కంటే ఫైలు మేలు. వరుసకు ఒక మాట చొప్పున రాసి ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు అది. ఎవరి హక్కులూ లేకుండా అందరికీ వదిలిపెట్టిన ‘ఎనేబుల్’ జాబితాలో లక్షా డెబ్బై వేలకు పైగా మాటలు ఉన్నా ఫైలు పరిమాణం రెండు ఎంబీల లోపే, అంటే ఒక ఫొటో అంత కూడా కాదు. పదిహేను అక్షరాల గోడ దానికి లేదు. ఒకసారి దింపుకొని పెన్‌డ్రైవులో వేసుకుంటే ఊరంతా పంచుకోవచ్చు.

ఫైలు చేతిలో ఉన్నాక వెతకడానికి రెండు దారులు. లినక్స్ కంప్యూటరులో, లేదా ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే అందులో, గ్రెప్ అనే ఆజ్ఞ ఉంటుంది. దానికి క్యూ ఇస్తే క్యూ ఉన్న వరుసలన్నీ తెస్తుంది. ఆ ఫలితాన్ని నిలువు గీత దాటించి మరో గ్రెప్‌కు జెడ్ ఇస్తే రెండూ ఉన్నవే మిగులుతాయి. ఇలా ఎన్ని అక్షరాలకైనా జల్లెడ మీద జల్లెడ పట్టవచ్చు, వరుస గొడవ ఉండదు. ఫలానా అక్షరం లేని మాటలు కావాలన్నా దానికి ఒక చిన్న గుర్తు చేరిస్తే చాలు. ఆజ్ఞలు కొట్టడం ఇష్టం లేనివారికి స్ప్రెడ్‌షీటు ఉంది. ఎక్సెల్ పేజీలో 10,48,576 వరుసలు పడతాయి కనుక ఎంత పెద్ద జాబితా అయినా ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. మొదటి నిలువు వరుసలో మాటలు, రెండోదానిలో లెన్ సూత్రంతో పొడుగు, ఆ తరువాత ఫిల్టరులో ‘కంటెయిన్స్’ అని క్యూ, ‘అండ్’ అని జెడ్ ఇచ్చి, పొడుగును పెద్ద నుంచి చిన్నకు పేర్చితే జవాబు పై వరుసలో ఉంటుంది. ఆ ఫిల్టరు గడిలో రెండు షరతులే పడతాయి. మూడో అక్షరం కావాలంటే సెర్చ్ సూత్రంతో ఇంకొక నిలువు వరుస కట్టుకోవాలి. ఆఫీసు పనుల్లో ఎక్సెల్ అలవాటైనవారికి ఇదే సులువు, పైగా ఫలితాన్ని అలాగే ప్రింటు తీసి పిల్లలకు ఇవ్వవచ్చు.

ఈ దారిలో నన్ను ఒక సాయంత్రమంతా తిప్పలు పెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. పన్నెండు అక్షరాల మాటలు ఇవ్వమంటే గ్రెప్ పదకొండు అక్షరాలవి ఇస్తోంది. వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను, పిల్లల చేత కూడా లెక్కపెట్టించాను. చివరకు తేలిందేమిటంటే, విండోస్‌లో తయారైన ఫైలులో ప్రతి వరుస చివర కంటికి కనిపించని గుర్తు ఒకటి అదనంగా ఉంటుంది, లినక్స్ పనిముట్టు దాన్ని కూడా ఒక అక్షరంగా లెక్కవేస్తుంది. స్ప్రెడ్‌షీటులోనూ మాట వెనక ఖాళీ జాగా మిగిలిపోతే లెన్ ఒకటి ఎక్కువ చూపిస్తుంది, దానికి ట్రిమ్ సూత్రం మందు. అందుకే జాబితాను మొదటిసారి తెరిచినప్పుడు ‘అన్‌కాపీరైటబుల్’ అన్న మాటతో పరీక్షించండి. పదిహేను అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. పదహారు చూపిస్తే మీ ఫైలులోనూ ఆ కనబడని గుర్తు ఉందన్న మాట.

సాధనం ఏదైనా, జవాబును నిర్ణయించేది దాని కింద ఉన్న జాబితా. లినక్స్, మ్యాక్ తరహా కంప్యూటర్లలో కొన్నింటితో పాటు వచ్చే పాత జాబితా 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు నుంచి తీసినది. రెండు లక్షల ముప్పై వేలకు పైగా మాటలున్నాయి కదా అని మురిసిపోతాము కాని, బహువచనాలు, భూతకాల రూపాలు అందులో చాలావరకు ఉండవు, 1934 తరువాత పుట్టిన మాటలు అసలే ఉండవు. అమెరికాలో 1955లో అనుమతి పొందిన హైడ్రాక్సీక్లోరోక్విన్ దానికి ఎలా తెలుస్తుంది? ఎనేబుల్ జాబితా అమెరికా స్పెల్లింగులను అనుసరించేది. కాలిన్స్‌లో అమెరికా, బ్రిటన్ రూపాలు రెండూ ఉంటాయి. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదన్నట్టు, తనలో ఏది లేదో ఏ జాబితా కూడా మనకు చెప్పదు. "దొరకలేదు" అని మాత్రమే చెబుతుంది. దాన్ని "ఇంగ్లీషులో లేదు" అని మనం చదువుకుంటాము.

ఎస్, జెడ్ తగవును కాస్త వివరంగా చెప్పుకోవాలి, మన పిల్లల పోటీల్లో ఎక్కువ గొడవలు అక్కడే. మన పాఠ్యపుస్తకాలు, పత్రికలు ఎక్కువగా ‘ఐజ్’ అనే తోకను ఎస్‌తో రాస్తాయి. అమెరికావారు జెడ్‌తో రాస్తారు. దీన్ని బట్టి జెడ్ రూపం తప్పని, అమెరికా వాసన అని కొట్టిపారేయడం కూడా సరికాదు. బ్రిటన్‌లోనే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు జెడ్ రూపాన్నే ముందు ఇస్తాయి, ఎందుకంటే ఆ తోక గ్రీకు భాషలో జెడ్‌తోనే పుట్టింది. అయితే ‘పారలైజ్’, ‘అనలైజ్’ ఆ తోక ఉన్న మాటలు కావు, వాటికి జెడ్ పెట్టేది అమెరికావారే. ‘సూపర్‌వైజ్’, ‘ఎక్సర్‌సైజ్’ ఎక్కడైనా ఎస్‌తోనే. కొన్ని మాటల్లో పొడుగు కూడా మారిపోతుంది: నిద్రమాత్రల కుటుంబానికి చెందిన ‘ట్రాంక్విలైజర్’ అమెరికాలో జెడ్‌తో పన్నెండు అక్షరాలు, బ్రిటన్ వాడుకలో ఇంకో ఎల్ చేరి పదమూడు అక్షరాలు, అప్పుడు జెడ్ స్థానంలో తరచు ఎస్ ఉంటుంది. బ్యాంకు చెక్కులోనైతే క్యూ అక్షరమే అమెరికా వెళ్లేసరికి మాయమవుతుంది. కాబట్టి క్యూ, జెడ్ జంట కోసం పోటీ పెట్టదలచినవారు తోకలో జెడ్ ఉన్న ‘క్వాంటైజేషన్’, ‘వెంట్రిలోక్వైజింగ్’ లాంటివాటిని పక్కన పెట్టి, జెడ్ మాట మధ్యలోనే పాతుకొని ఉన్నవాటిని జవాబులుగా ఎంచుకోవడం క్షేమం. పదకొండు అక్షరాల ‘క్విజికలీ’లో రెండు జెడ్‌లు ఉన్నాయి, ఏ దేశపు పుస్తకం తెరిచినా అవి కదలవు. పదమూడు అక్షరాల ‘క్వార్ట్జిఫెరస్’ కూడా అలాంటిదే, అది రాళ్ల శాస్త్రంలోని మాట.

కృత్రిమ మేధ చాట్‌బాట్లను అడగడం ఇప్పుడు పిల్లలకు అలవాటైంది కనుక వాటి గురించి ఒక మాట. అవి మాటను అక్షరాలుగా కాక కొన్ని అక్షరాల తునకలుగా చదువుతాయి. స్ట్రాబెర్రీ అనే మాటలో మూడు ఆర్ అక్షరాలు ఉంటే రెండే ఉన్నాయని 2024లో చాట్‌బాట్లు చెప్పి నవ్వులపాలు కావడం అందువల్లనే. జెడ్ లేని మాటను జెడ్ ఉందని ధీమాగా ఇవ్వడం, పదకొండు అక్షరాలదాన్ని పద్నాలుగు అనడం నేను స్వయంగా చూశాను. కొత్తవి మెరుగయ్యాయి, అయినా లెక్క పనిని జాబితాకే వదలడం మంచిది. ఎక్సెల్ సూత్రం ఎలా రాయాలి, గ్రెప్ ఆజ్ఞ ఎలా కొట్టాలి అని అడిగితే మాత్రం అవి చక్కగా చెబుతాయి. దొరికిన మాట అర్థాన్ని తెలుగులో వివరించమన్నా బాగా వివరిస్తాయి.

ఇంతకూ ఎవరు ఏది పట్టుకోవాలంటే, చేతిలో ఫోను తప్ప ఏమీ లేని విద్యార్థికి ముందు ముక్కల పద్ధతి, తరువాత గుర్తులతో వెతికే వెబ్‌సైటు చాలు; ఆ వరుస మాత్రం మార్చకూడదని నా పట్టు, ముందే తెర చూసిన పిల్లకు మాట దొరుకుతుంది కాని మాట కట్టు తెలియదు. నుడికట్టు పూరించేవారికి వెబ్‌సైటు ఒక్కటే సరిపోతుంది. స్క్రాబుల్ ఆడేవారు తమ పోటీలో ఏ జాబితా చెల్లుతుందో కనుక్కొని దాని యాప్‌నే వాడాలి. పోటీలు పెట్టే ఉపాధ్యాయులు, ముఖ్యంగా సిగ్నల్ లేని ఊళ్లలో ఉన్నవారు, ఫైలు, స్ప్రెడ్‌షీటు, ఒక అచ్చు నిఘంటువు ఈ మూడూ పెట్టుకోవాలి. "అన్నిటికంటే పొడుగైన మాట ఏది" అని మాత్రం ఎప్పుడూ అడగవద్దు. ఇంగ్లీషు నిఘంటువుల్లో కెల్లా పొడుగైనదిగా చెప్పుకునే నలభై ఐదు అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరు కూడా 1935లో ఒక పజిల్ సంఘం అధ్యక్షుడు పొడుగు కోసమే పనిగట్టుకొని అల్లినది. "కనీసం ఇన్ని అక్షరాలు" అని అడిగితే తగవుకు చోటుండదు.

నేను ఇప్పుడు ప్రశ్నపత్రం పై వరుసలోనే ఏ నిఘంటువు ప్రమాణమో, ఎస్, జెడ్ రూపాలు రెండూ చెల్లుతాయో లేదో రాస్తున్నాను. ఆ నిఘంటువు బల్ల మీద తెరిచి ఉంటుంది. సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి కూడా నలుగురు పిల్లలు వస్తున్నారు, వాళ్ల పుస్తకాల స్పెల్లింగులూ మావాళ్లవీ కొన్నిచోట్ల కలవడం లేదు. పేజీ తిప్పి చూసే పని ఇప్పుడు నాది కాదు. ఆనాడు వెనక వరుసలో లేచి నిలబడిన అమ్మాయికి అప్పగించాను.